మంత్రిగారి జవాబు కోసం మూడు ఊళ్లు

హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో వెళ్లినవాళ్లందరికీ సూర్యాపేట తెలుసు. తెలుసంటే మరేం లేదు, బస్సు ఆగుతుంది, దిగి టీ తాగుతాం, డ్రైవరు హారన్ కొడితే గ్లాసు వదిలేసి పరిగెత్తుతాం. తెనాలిలో పుట్టి హైదరాబాదులో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన నాకూ అంతే తెలుసు. సూర్యాపేట ఒక టీ, కోదాడ ఒక కునుకు, మిర్యాలగూడ రైలు కిటికీలోంచి కనబడే పసుపు బోర్డు. మొన్న ఎండాకాలంలో ఈ మూడు ఊళ్లలో నాలుగు రోజులు తిరిగొచ్చాను. ఎందుకు వెళ్లానో చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు. సముద్రం మధ్యనున్న ఒక చిన్న దేశపు పార్లమెంటులో ఒక ప్రతిపక్ష సభ్యుడు వాణిజ్య మంత్రిని ఒక ప్రశ్న అడిగాడు. ఆ మంత్రిగారికి జవాబు వెతికిపెట్టడానికి వెళ్లాను.

ఆ దేశం పేరు రాయను. అదెంత చిన్నదంటే, దేశం పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే. మనిషి పేరు కూడా మార్చి సెలిన్ అంటున్నాను. యాభై దాటిన ఆడమనిషి, పొట్టి జుట్టు, భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి. వాళ్ల వాణిజ్య శాఖలో ఆవిడ ఉద్యోగం, పార్లమెంటులో మంత్రిని అడిగే ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టడం. నేను రిటైరయ్యేదాకా చేసిన పని దానికి పక్కింటిదే. శాసనసభ ప్రశ్నలకు ఇంగ్లీషులో వచ్చే జవాబులను తెలుగులోకి మార్చేదాన్ని. “పరిశీలనలో ఉన్నది” అన్న మాట రాసినన్నిసార్లు నా సంతకం కూడా చేసి ఉండను. పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసి, “ఒక విదేశీ ఆఫీసరమ్మకు దుబాసీ కావాలట, నాలుగు రోజులు” అంటే, మోకాళ్ల నొప్పుల సంగతి దాచిపెట్టి సరేనన్నాను.

సెలిన్ సంచిలో రెండే ముఖ్యమైన వస్తువులు. ఒకటి ఆ ప్రశ్న అచ్చువేసిన కాగితం. రెండోది గుప్పెడు బియ్యం పోసిన ఒక రేకు డబ్బా. ప్రశ్న మూడు ముక్కలు. (ఎ) ఇండియా నుంచి తెప్పించి చౌకగా అమ్ముతున్న ఉప్పుడు బియ్యానికి ముక్కిన వాసన ఎందుకొస్తున్నది? (బి) తప్పు ఎవరిది? (సి) మంత్రిగారు ఆ బియ్యం ఎప్పుడైనా వండించుకుని తిన్నారా?

“మూడోదానికి ఇంతదూరం రానక్కర్లేదు. తినలేదని నాకు తెలుసు. రెండోదానికి జవాబు మా మంత్రిగారు ముందే చెప్పి పంపించారు” అంది సెలిన్ కారులో.

“ఏమని?”

“పంపినవాళ్లదని. దానికి ఆధారాలు తెమ్మన్నారు.”

ఆధారాలు దొరికితే వాళ్ల ప్రభుత్వం ఆ బియ్యం పంపిన మిర్యాలగూడ మిల్లుతో ఒప్పందం రద్దు చేసుకుంటుంది. దొరకకపోతే మంత్రి సభలో నోరు తెరిచి నిలబడాలి. అప్పుడది జవాబు రాసిన సెలిన్ మెడకే చుట్టుకుంటుంది.

సూర్యాపేట: వడ్ల రాశి పక్కన

మిల్లు మిర్యాలగూడలో ఉంటే సూర్యాపేటలో ఎందుకు దిగామంటే, బియ్యం సంగతి వడ్ల దగ్గర మొదలుపెట్టాలని సెలిన్ పట్టు. అసలు ప్రశ్నకు జవాబు సులువట. ప్రశ్న కొన్ని వారాల ముందే కాగితం మీద వస్తుంది. భయమంతా అనుబంధ ప్రశ్నలదే. మంత్రి జవాబు చదవడం అయిపోగానే ఎవరో లేచి, “అయితే ఆ వడ్లు ఎండబెట్టే చోటు ఎలా ఉంటుంది?” అనవచ్చు. దానికీ వెనకాల కూర్చున్న సెలిన్ దగ్గర ఒక చీటీ సిద్ధంగా ఉండాలి.

మా కారు నడిపిన యాదగిరిది సూర్యాపేట పక్కనున్న చివ్వెంల. సొంత ఊరు దగ్గరపడగానే మనిషిలో హుషారు పెరిగింది. “మార్కెట్ల మస్తు వడ్లొచ్చినయ్ మేడం, సూపెడ్త రండ్రి” అని మమ్మల్ని నేరుగా మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు.

నేను మా డెల్టాలో వరి పొలాల మధ్య పెరిగినదాన్నే. అయినా ఒక్కచోట అన్ని వడ్లు చూసింది ఇక్కడే. షెడ్ల కింద, ఎండలో, నడిచే దారిలో కూడా రాశులే. హమాలీల కేకలు, చాటల చప్పుడు, గాలి నిండా ముక్కు పుటాలు మంటపెట్టే పొట్టు. సెలిన్‌కు ఉత్సాహం ఆగలేదు. ఫొటో తీసుకోవడానికి రెండడుగులు వెనక్కి వేసి, బూట్లతో ఒక రాశి అంచు మీద నిలబడింది.

“ఓ బిడ్డా! చెప్పులు! చెప్పులతోని వడ్లు తొక్కుతరా?”

అరిచింది లక్ష్మమ్మ. అరవై అయిదేళ్లుంటాయి. చివ్వెంల పక్క పల్లె నుంచి వడ్లు తెచ్చి, తేమ తగ్గేదాకా రెండు రోజులుగా రాశికి కాపలా ఉంది. నేను అనువదించకముందే సెలిన్‌కు విషయం అర్థమైంది. గబగబా బూట్లు విప్పి చేతిలో పట్టుకుంది. “మా ఊళ్లో చేపల వల మీంచి దాటినా ఇలాగే తిడతారు” అంది. అది లక్ష్మమ్మకు చెప్పాను. మనిషి చల్లబడింది. పక్కనున్న గోనెపట్టా పరిచి కూర్చోమంది.

“ఏ ఊరు బిడ్డ నీది?”

“సముద్రం అవతల దేశం అవ్వా” అన్నాను.

“గాడ వరి పండదా?”

“పండదట. కొండలూ కొబ్బరిచెట్లేనట.”

“మరేం తింటరు?”

“మీరు పండించిందే.”

లక్ష్మమ్మ తన రాశిని చూసుకుంది, తర్వాత సెలిన్‌ను చూసింది. “నా వడ్లు గంత దూరం పోతయా? నేనింకా విజయవాడనే సూడలె” అంది.

ఆ తర్వాత అసలు విచారణ మొదలైంది. వయసెంత, జీతమెంత, తల్లి ఉన్నదా, అన్నదమ్ములెందరు. సెలిన్ వాళ్ల దేశంలో ముప్ఫై ఏళ్లు పక్కింట్లో ఉన్నవాళ్లు కూడా జీతం అడగరట. అయినా అన్నింటికీ నిజాయితీగానే జవాబు చెప్పింది. చివరికి లక్ష్మమ్మ “పెండ్లయిందా?” అంది. కాలేదన్నాను. “ఎందుకు కాలె?” అంది.

ప్రతిపక్షాలు అడిగిన ఎన్నో ప్రశ్నలకు జవాబులు రాసిన మనిషి ఒక్క క్షణం తడుముకుంది. తర్వాత గంభీరంగా, “ఆ విషయం పరిశీలనలో ఉందని చెప్పండి” అంది. నేను అలాగే చెప్పాను.

“యాభై ఏండ్లొచ్చినంక ఇంకేం పరిశీలన?” అంది లక్ష్మమ్మ. యాదగిరి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సెలిన్‌కు ఇంగ్లీషులో చెప్పకుండానే ఆ అనుబంధ ప్రశ్న అర్థమైంది.

అప్పుడు సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పింది. లక్ష్మమ్మ వాసన చూసి మొహం చిట్లించింది. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని ఎండకు పట్టి చూసింది. “ముక్కినయ్. కని వడ్లప్పుడు తడిసినవి కావు బిడ్డ. వడ్లు తడిస్తె గింజకు లోపల మచ్చ పడ్తది. ఇవి బియ్యమైనంక తడిసినయ్” అని తేల్చేసింది. సెలిన్ పెన్ను తీసి రాసుకుంది. ఏ ప్రయోగశాల ఇంత తొందరగా రిపోర్టు ఇస్తుంది?

సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తిన్నాం. కొబ్బరిబోండం ఒక్కోటి నలభై రూపాయలంటే సెలిన్ నివ్వెరపోయింది. వాళ్ల దగ్గర రాలిన కాయలు రోడ్డు మీద నుంచి ఏరించడం ఒక శాఖ పనట. ఆ శాఖ మీద కూడా పార్లమెంటులో ప్రశ్నలు వస్తాయట.

కోదాడ: శాలువా

మర్నాడు కోదాడ. హైవే మీద ముప్పావు గంట ప్రయాణం, అంతలోనే మాట తీరు మారిపోతుంది. సూర్యాపేటలో “వస్తవా” అన్న నోళ్లే ఇక్కడికొచ్చేసరికి “వస్తారా అండీ” అంటాయి. నాకు పుట్టింటి గాలి తగిలినట్టయింది. యాదగిరి మాత్రం, “గీడోళ్లు అండీ అండీ అనుకుంటనే అన్ని పనులు చేయించుకుంటరు మేడం” అన్నాడు.

ఇక్కడ కలవాల్సింది నరసింహారావుగారనే వ్యాపారిని. మిల్లు నుంచి రేవుకు లారీలు కట్టించి, ఓడకెక్కించే కాగితాలన్నీ చూసేది ఆయనే. మేం వెళ్లేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“ముందు భోజనం చేయాలండీ. తర్వాతే బియ్యం సంగతి” అన్నారు.

“బియ్యం సంగతి తెలుసుకునే తింటామండీ” అన్నాను.

“తింటే తెలుస్తుంది కదండీ” అన్నారు.

గోంగూర, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గడ్డపెరుగు. సెలిన్‌కు గోంగూర పులుపు నచ్చి మూడుసార్లు వేయించుకుంది. పప్పులో చేప లేదేమిటని అడిగింది. వాళ్ల దగ్గర పప్పూ చేపా కలిపే వండుతారట. ఆ మాట అనువదిస్తే ఇంటావిడ మొహం మాడిపోతుందని, “పప్పు చాలా బాగుందంటోంది” అని చెప్పాను. ముప్ఫై ఏళ్ల అనువాద అనుభవం ఊరికే పోలేదు.

భోజనం తర్వాత ఆయన ఒక లావుపాటి ఫైలు తెచ్చి సెలిన్ చేతిలో పెట్టారు. “మా వైపు నుంచి లోపం లేదండీ. ఓడకెక్కించిన కాగితం నుంచి మీ రేవులో దింపుకున్న కాగితం దాకా అన్నిటి నకళ్లూ ఉన్నాయి. చూసుకోండి” అన్నారు. సెలిన్ మొదటి కాగితం తిప్పబోతుండగా బయట మోటారు సైకిళ్లు ఆగిన చప్పుడైంది.

నరసింహారావుగారు పొరుగువాళ్లకు ఏం చెప్పారో, వాళ్లు ఇంకెవరికేం చెప్పారో తెలియదు. ఊళ్లో ఒక నాయకుడి చెవిలో పడేసరికి అది “విదేశీ మంత్రి వచ్చింది” అయి కూర్చుంది. ఆ నాయకుడు తెల్లబట్టల్లో, నలుగురు అనుచరులతో, ఒక జరీ శాలువాతో వచ్చేశారు. ఆవిడ మంత్రి కాదు, మంత్రికి జవాబులు రాసే మనిషని నేను చెప్పాను.

“ఎవరైతే ఏంటండీ, శాలువా తెచ్చేశాం” అన్నారు.

సెలిన్‌కు శాలువా కప్పి ఫొటోలు తీశారు. నలభై రెండు డిగ్రీల ఎండలో ఉన్నిబట్ట కప్పడం ఏ తప్పుకు శిక్ష అని ఆవిడ నా చెవిలో అడిగింది. గౌరవమన్నాను. నమ్మినట్టు లేదు.

జనం గుమ్మం దాకా చేరారు. అందులోంచి బ్రహ్మయ్య అనే పెద్దాయన ముందుకొచ్చాడు. మెషీను మీద బట్టలు కుట్టి కుట్టి నడుము వంగిపోయిన మనిషి. సెలిన్‌కు దండం పెట్టి, “అమ్మా, మా వీధి చివర బస్సులాగే చోట ముసలోళ్లం కూర్చోడానికి ఈ బాబుగారు వాళ్ల నాన్నగారి పేరు మీద సిమెంటు బల్ల వేయిస్తానన్నారు. నాన్నగారి పేరున్న పలక వచ్చిందమ్మా, బల్ల రాలేదు” అన్నాడు.

సెలిన్‌కు చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. శాలువా సర్దుకుని, కాగితం తీసి, శ్రద్ధగా రాసింది. రాసి నాకిచ్చి చదవమంది. నేను తెలుగులో చదివాను: “(ఎ) బల్ల వేయిస్తానన్న మాట నిజమేనా? (బి) నిజమైతే, బల్ల లేకుండా పలక ఒక్కటే పెట్టడానికి కారణమేమి? (సి) ఈలోగా పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి?”

గుమ్మం దగ్గర జనం గొల్లుమన్నారు. నాయకుడు కూడా నవ్వడానికి ప్రయత్నించి, “అది ప్రాసెస్‌లో ఉందండీ. పరిశీలిస్తున్నాం” అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పగానే సెలిన్ నా వైపు తిరిగి, “ఈ మాట ఇక్కడ కూడా దొరుకుతుందా?” అంది.

బ్రహ్మయ్య మాత్రం వదల్లేదు. “ఎప్పుడు బాబూ?” అన్నాడు. అంతమందిలో ఆయన ఏం చెప్తారు? వచ్చే శుక్రవారం అనేశారు. ఆ శుక్రవారం దాటాక నరసింహారావుగారికి ఫోన్ చేసి అడిగాను. బల్ల వచ్చిందట. పలక ఇంకా పెద్దది పెట్టారట.

మిర్యాలగూడ: నమూనా సంచి

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే దారిలో సాగర్ కాలువ మనతోపాటే నడుస్తుంది. ఊరు ఇంకా కనబడకముందే ఉడికిన వడ్ల వాసన వస్తుంది. గొట్టాలు, పొగ, బస్తాల లారీలు. ఊళ్లో మిల్లులు ఉన్నాయనడం కంటే మిల్లుల మధ్య ఊరు ఉందనడం నయం.

మేం వెళ్లిన మిల్లు యజమాని ప్రభాకర్ నలభై ఏళ్ల మనిషి. మాట మర్యాదగానే ఉంది గానీ నవ్వు లేదు. టీ ఇచ్చి, “మేడం ఏం రాస్కపోనీకి వొచ్చిన్రో మాకు తెలుసు. గీ ఆర్డర్ పోతే నాకు ఇంకోటి వస్తది. కని గప్పటిదాంక నా దగ్గర పనిచేసే హమాలోళ్లు, ఆడోళ్లు ఎట్ల బతుకుతరు? సూసి, నిజమేదో గదే రాయమనుండ్రి” అన్నాడు. నేను ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా అనువదించాను. సెలిన్ తలూపింది.

ఉప్పుడు బియ్యం ఎలా తయారవుతుందో తిప్పి చూపించాడు. వడ్లు నానబెట్టడం, ఆవిరి పట్టడం, ఆరబెట్టడం, ఆ తర్వాత పొట్టు తీయడం. బయట వేడి ఎంతుందో లోపల దానికి రెట్టింపు. సెలిన్ అన్నీ రాసుకుంది. చివర్లో ఒక గదిలోకి తీసుకెళ్లాడు. ఓడకు పంపిన ప్రతి సరుకులోంచి ఒక చిన్న సంచి తీసి, లక్కముద్ర వేసి దాచిపెడతారు. ముద్ర మీద కొన్నవాళ్ల తరఫు మనిషి సంతకం కూడా ఉంటుంది. తగాదా వస్తే ఇద్దరి ఎదుటా విప్పాలి. వాసన వచ్చిందన్న సరుకు తాలూకు సంచిని తెచ్చి మా ముందు ముద్ర పగలగొట్టించాడు.

ఆ బియ్యం వండింది సైదమ్మ. మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్లకు పెద్ద. నోట్లో ఆకూవక్కా, నెత్తిన తువ్వాల. షెడ్డు వెనక మూడు రాళ్ల పొయ్యి మీద ఎసరు పెట్టి, పచ్చిపులుసు కలిపి, యాదగిరితో కలిపి మా ముగ్గురికీ స్టీలు పళ్లేల్లో వడ్డించింది. అన్నం పొడిపొడిగా, ఏ వాసనా లేకుండా ఉంది. సెలిన్ రెండోసారి పెట్టించుకుంది. తింటూ తింటూ ఆగి, “ఈ బియ్యమే మా అమ్మ ఇంట్లో వండుతుంది. ఇలా ఉండదు” అంది.

అప్పుడు డబ్బా బయటకు తీసింది. సైదమ్మ వాసన చూసి ఊరుకోలేదు. వక్క ఉమ్మేసి, నోరు పుక్కిలించి, రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

“ఉప్పున్నదమ్మా” అంది.

నేను సెలిన్‌తో, ఉప్పుడు బియ్యమంటోందని చెప్పాను. అవును, ఆ సంగతి మాకు తెలుసుగా అంది సెలిన్. నేను సైదమ్మతో, “అవునమ్మా, ఉప్పుడు బియ్యమే” అన్నాను.

సైదమ్మ నన్ను జాలిగా చూసింది. “ఉప్పుడు బియ్యమని నాకు నువ్వు చెప్తవా? పొద్దంత గదే చెరుగుత. ఉప్పు! ఉప్పున్నది దీంట్ల. నాలిక మీద ఏసి సూడు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ముప్ఫై ఏళ్ల అనువాద అనుభవం ఒక్క అక్షరం దగ్గర బోల్తాపడింది. నేనూ రెండు గింజలు నమిలాను. నిజంగానే సన్నగా ఉప్పు. సెలిన్ నమిలింది, మళ్లీ నమిలింది. ప్రభాకర్ నమూనా సంచిలోంచి కొన్ని గింజలు తీసి పోల్చి చూశాడు. వాటిలో ఉప్పు లేదు.

“వాన నీళ్లయితే ఉప్పెందుకుంటది? సముద్రం నీళ్లు తగిలినయ్” అంది సైదమ్మ. ఆవిడ సముద్రం ఎప్పుడూ చూడలేదు. “అన్నం వండేటప్పుడు కడుగుతరు గద, ఉప్పు పోయి వాసన మిగుల్తది.”

ఓడలో తడిసిందా, దిగాక తడిసిందా? సెలిన్‌కు కోదాడ ఫైలు గుర్తొచ్చింది. శాలువా హడావుడిలో సంచిలో వేసుకుని మరిచిపోయిన ఫైలు. షెడ్డు అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పింది. చివరిదాని దగ్గర ఆగిపోయింది. అది వాళ్ల రేవు అధికారులే సంతకం పెట్టి ఇచ్చిన రసీదు. బస్తాలన్నీ పొడిగా, మంచి స్థితిలో దింపుకున్నామని ఉంది.

ఆ రసీదు నా చేతికిచ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

“మా రేవు పక్కన ప్రభుత్వ గోడౌన్ ఉంది. దాని షట్టరు కింద ఇంత సందు. పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో అలలు లోపలికొస్తాయి. షట్టరు ఎప్పుడు మారుస్తారని రెండేళ్ల క్రితం సభలో ఒకరు అడిగారు” అంది.

“జవాబేం చెప్పారు?”

“పరిశీలనలో ఉందని చెప్పాం.” “రాసింది నేనే” అంది. “షట్టరు చూడటానికి కూడా వెళ్లలేదు. మా ఆఫీసు నుంచి నడిచి పదిహేను నిమిషాలు.”

నేను తెలుగు చేసిన జవాబుల వెనక ఎన్ని షట్టర్లు ఉన్నాయో, ఎవరు పోయి చూశారో, ఆ అరుగు మీద మొదటిసారి అనుకున్నాను.

హాలియా: హోటల్ బల్ల మీద

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. హాలియాలో టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపి సెలిన్ జవాబు రాయడం మొదలుపెట్టింది. (ఎ) సముద్రపు నీరు తగలడం వల్ల. అక్కడిదాకా పెన్ను ఆగలేదు. (బి) దగ్గర ఆగింది.

పాత అలవాటు నా చేత మాట్లాడించింది. “నిల్వలో ఎదురైన కొన్ని అనుకోని పరిస్థితుల వల్ల అని రాయవచ్చు. అబద్ధం కాదు. ఎవరి పేరూ రాదు” అన్నాను. చెప్పడమే కాదు, ఆ వాక్యం ఎంత నున్నగా వచ్చిందో చూసుకుని లోపల్లోపల మురిశాను కూడా.

సెలిన్ నన్ను చూసి నవ్వింది. “మీరు మా ఆఫీసులో ఉండాల్సింది” అంది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు.

పక్క బల్ల దగ్గర దోసె తింటున్న యాదగిరి ఏం జరుగుతోందని అడిగాడు. చెప్పాను. “మంత్రి కోపం చేస్తడా మేడం మీద?” అన్నాడు. చేయవచ్చన్నాను. “నౌకరి పోతదా?” అన్నాడు. అది నాకు తెలియక సెలిన్‌ను అడిగాను. పోదు గానీ ఎక్కడికైనా విసిరేస్తారంది. యాదగిరి కాసేపు ఆలోచించి, “మరి గట్లనే రాయకుంటె, నిన్న మనకు అన్నం పెట్టిన సైదమ్మ పని పోతది గద?” అన్నాడు.

అది సెలిన్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఈసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ పెన్ను తీసుకుని (బి) కింద రాసింది: “తప్పు మా శాఖది. గోడౌన్ షట్టరు మార్చాలని సభ్యులు గతంలోనే అడిగారు. మార్చలేదు.” (సి) కింద ఒకటే మాట: “లేదు.”

చల్లారిన ఇడ్లీలు మొత్తం తినేసింది. రెండో చట్నీ కూడా అడిగింది.

ఇంటికొచ్చాక

ఆ తర్వాతి మంగళవారం వాళ్ల పార్లమెంటు ప్రసారాన్ని ఇంట్లో నా ఫోన్‌లో చూశాను. సభ మా వీధి ఫంక్షన్ హాలు కంటే చిన్నది. మంత్రి పొడుగాటి మనిషి, మంచి సూటు. వెనక అధికారుల వరుసలో సెలిన్ కూర్చుని ఉంది. ముందురోజు ఫోన్‌లో చెప్పింది, జవాబు పంపితే ఆయన చదవకుండానే సంతకం పెట్టారని. ఎప్పుడూ అంతేనట.

ఆయన లేచి ధీమాగా చదవడం మొదలుపెట్టారు. సముద్రపు నీరు అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది. “తప్పు మా శాఖది” అని చదివేశాక ఆగారు. కళ్లద్దాలు సవరించుకుని కాగితం మళ్లీ చూసుకున్నారు. మెల్లగా వెనక్కి తిరిగి సెలిన్‌ను చూశారు. సెలిన్ చూపు తిప్పుకోలేదు. నేను ఇక్కడ మా వంటింట్లో స్టౌ కట్టేసి నిలబడిపోయాను. సభ అంతా అల్లరి. స్పీకరు బల్ల చరిచారు. మంత్రి గొంతు సవరించుకుని మిగతాది కూడా చదివారు. “లేదు” అన్న దగ్గర ప్రతిపక్షం పగలబడి నవ్వింది. అప్పుడాయన కాగితం బల్ల మీద పెట్టేసి, కాగితంలో లేని మాట ఒకటి అన్నారు. షట్టరు ఈ వారంలోనే మారుతుందని. ప్రశ్న వేసిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న ఏదీ దొరకలేదు. కూర్చున్నాడు.

షట్టరు నిజంగానే మారింది. మిల్లుతో ఒప్పందం అలాగే ఉంది. సెలిన్‌ను వారం తిరక్కుండా మత్స్యశాఖకు మార్చారు. ఉత్తరంలో రాసింది, అక్కడి కిటికీలోంచి గోడౌన్ కనబడుతుందట, రోజూ ఒకసారి చూస్తుందట.

ఇదంతా చెబుదామని మిల్లుకు ఫోన్ చేసి సైదమ్మను పిలిపించాను. ఒక దేశపు పార్లమెంటులో, మంత్రులూ ప్రతిపక్షాలూ స్పీకరూ అందరూ కూర్చుని ఉండగా, బియ్యానికి సముద్రపు ఉప్పు తగిలిందని మంత్రి స్వయంగా ఒప్పుకున్నాడని, అది ఆవిడ చెప్పిన మాటేనని ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. అంతా విని సైదమ్మ అడిగింది.

“ఉప్పున్నదని చెప్పనీకి గంతమంది కూసున్నరా అమ్మా?”

అంతలో అవతల ఎవరో కేకేశారు. “లారీ వొచ్చింది, పెడ్తున్న” అని సైదమ్మ ఫోన్ పెట్టేసింది.